తమ్ముడి పేరు మీద గుంటూరు నుంచి బెజవాడ దాకా నడవాలనుకుంటున్నా, మే నెలలో చేయొచ్చా?

యార్డు లెక్కలు (గుంటూరు)

అందరికీ నమస్కారం. ఇక్కడ పరుగెత్తేవాళ్లు, సైకిల్ మీద దూరాలు వెళ్లేవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నాకు 31 ఏళ్లు. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. మా తమ్ముడికి తలసీమియా మేజర్. ఎనిమిదో నెలలో తెలిసింది. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు, బయటి నుంచి ఎక్కించాల్సిందే. చిన్నప్పుడు నెలకోసారి, పెద్దయ్యేకొద్దీ మూడు వారాలకోసారి, చివరి రెండేళ్లు పదిహేను రోజులకే. మొదట్లో మాకు బెజవాడలో ఒక సెంటర్‌లో కుదిరింది, అక్కడి డాక్టరమ్మకు వాడు బాగా అలవాటైపోయాడు, ఇక చివరిదాకా అక్కడికే తిరిగాం. నాన్న లేరు. అమ్మ కుట్టు మిషన్ మీద సంసారం లాగేది, ఆమెకు పని ఉన్న రోజు నేనే తీసుకెళ్లేదాన్ని. పొద్దున్నే బస్సులో నా భుజం మీద పడి నిద్రపోయేవాడు, మొహం పాలిపోయి ఉండేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాత్రం వాణ్ని పట్టలేం. రక్తం ఎక్కిన రోజు వాడికి కిటికీ పక్క సీటు కావాలి, బస్టాండ్‌లో పునుగులు కావాలి, మంగళగిరి గాలిగోపురం కనిపిస్తే 11 అంతస్తులూ వేలు పెట్టి లెక్కపెట్టాలి, ఇరవయ్యేళ్లు వచ్చినా అంతే.

పోయినేడాది మేలో పోయాడు. 21 ఏళ్లు. ఎక్కించిన రక్తంతో పాటు ఐరన్ కూడా ఒంట్లో చేరుతుంది, అది గుండెలో పేరుకుపోయింది. గుండెలో ఎంత ఉందో చూడటానికి వేరే ఎంఆర్ఐ ఉంటుందని మాకు తెలిసేసరికే ఆలస్యమైంది.

అమ్మ మొదటి రోజు నుంచి ఒక నోట్‌బుక్‌లో రాసింది. ఏ తేదీ, ఎన్ని బాటిళ్లు, హిమోగ్లోబిన్ ఎంత. వాడు పోయాక నేను కూర్చుని మొత్తం కూడాను. 327 సార్లు వెళ్లాం, 518 యూనిట్లు ఎక్కించారు. ఆ 518 మందిలో మాకు పేర్లు తెలిసింది పది మంది కూడా ఉండరు. అందులో నా పేరు కూడా లేదు. కాలేజీలో ఉన్నప్పుడు రెండుసార్లు, ఉద్యోగంలో చేరాక ఒకసారి వాడి కోసం ఇస్తానని వెళ్లాను, వేలికి సూది గుచ్చి చూసి 12.5 లేదమ్మా అని మూడుసార్లూ వెనక్కి పంపేశారు.

అందుకని వాడి సంవత్సరీకం వచ్చే రోజుల్లోనే, మే నెలలో, గుంటూరు బస్టాండ్ నుంచి బెజవాడ బస్టాండ్ దాకా, మేం బస్సులో తిరిగిన దారిలోనే ఒక్క రోజులో నడవాలనుకుంటున్నా. సుమారు 35 కిలోమీటర్లు. యార్డుకు వేసవి సెలవులు కూడా అప్పుడే ఇస్తారు, నాకు సెలవు అడగాల్సిన పని ఉండదు. తలసీమియా దినం కూడా మే 8. ఆ నడక పేరు చెప్పి 518 మంది చేత రక్తం ఇప్పించాలి, ఓ లక్ష రూపాయలు పోగు చేసి అక్కడికి వచ్చే పిల్లలకు రక్తం ఎక్కించేటప్పుడు వాడే ఫిల్టర్లు, ఐరన్ తగ్గించే మాత్రలు కొనివ్వాలి అని ఉంది.

ఇప్పటిదాకా నేను ఒకేసారి 5 కిలోమీటర్లకు మించి నడిచింది లేదు. ఇంకో రెండు నెలల టైమ్ ఉంది, సరిపోతుందా? డబ్బులు నా ఫోన్‌పేకి వేయించుకుంటే ఇబ్బందా? ఇంకోటి, అమ్మ ఒప్పుకోవట్లేదు. "చచ్చిపోయిన బిడ్డ పేరు చెప్పి ఊళ్లో అడుక్కుంటావా" అంది. ఆ మాట దగ్గర ఆగిపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

తెల్లారి పరుగు (విజయవాడ)

అక్కా, ముందు తమ్ముడి విషయం చదివి చాలా బాధేసింది. నడక సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్తా. మేలో వద్దు. ఎవరు ఏం చెప్పినా వద్దు.

నేను ఏడేళ్లుగా పరుగెత్తుతున్నా, హాఫ్‌లు చాలా చేశా, ఫుల్ మారథాన్ రెండు. మేలో నేను ప్రకాశం బ్యారేజీ మీద ఉదయం ఐదుంపావుకి మొదలుపెట్టి ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటా. మన దగ్గర ఎండ ఒక్కటే కాదు, కృష్ణ పక్కన ఉక్కపోత ఉంటుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారిపోతుందే గానీ ఆరదు, లోపల వేడి పెరుగుతూనే ఉంటుంది. 35 కిలోమీటర్లంటే గంటకు ఐదు లెక్కన నడిచినా ఏడు గంటలు, మధ్యలో ఆగడాలు కలిపితే ఎనిమిది. తెల్లవారుజామున నాలుక్కి బయల్దేరినా మీరు మంగళగిరి దాటేసరికి తొమ్మిదవుతుంది, అక్కడి నుంచి అసలు ఎండ మొదలు, కింద తారు రోడ్డు, పైన 42, 43. వడదెబ్బ ఎంతటివాడినైనా పడేస్తుంది. మీ అమ్మగారికి ఇప్పుడు మీరొక్కరే ఉన్నారు, అది ఆలోచించండి.

డిసెంబరులో పెట్టుకోండి. అప్పటికి కాళ్లూ తయారవుతాయి. వారంలో మూడు రోజులు 40 నిమిషాలు మామూలు నడక, ఆదివారం మాత్రం పెద్ద నడక. మొదటి నెల 6, 8, ఆ తర్వాత 10, వారానికో కిలోమీటరో ఒకటిన్నరో పెంచుకుంటూ పోండి, ప్రతి నాలుగో వారం తగ్గించండి. ఎండలు ముదిరితే పెంచడం ఆపేసి ఉన్నదాన్ని నిలబెట్టుకోండి, వానలు పడ్డాక మళ్లీ పెంచొచ్చు. నవంబరు చివరికి ఒకసారి 26, 28 దాకా వెళ్లగలిగితే చాలు, 35 ముందే నడిచి చూడక్కర్లేదు. చివరి రెండు వారాలు తగ్గించేయాలి. గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం ట్రాక్ ఉంది కదా, మొదట్లో అక్కడే తిరగండి, కాలు నొప్పి పుడితే ఇంటికి దగ్గర్లో ఉంటారు.

షూ సాయంత్రం పూట కొనండి, పాదాలు అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటాయి, వేలి ముందు బొటనవేలి మందం ఖాళీ ఉండాలి. ఇరుకు షూతో 20 దాటితే గోళ్లు నల్లబడిపోతాయి. కాటన్ సాక్సులు వద్దు, తడిసి బొబ్బలు తెస్తాయి. కొత్త షూ ఆ రోజు వేసుకోవద్దు. వట్టి మంచినీళ్లే లీటర్లు లీటర్లు తాగొద్దు, ఒంట్లో ఉప్పు పల్చబడి తల తిరుగుతుంది, వాంతులవుతాయి, అది కూడా ప్రమాదమే. ఉప్పేసిన మజ్జిగ, లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, అరటిపండ్లు, ఇవి చాలు.

ఇంకో మాట. చలికాలం పొద్దున మన హైవే మీద మంచు దట్టంగా పడుతుంది, లారీవాళ్లకు పది గజాల ముందు కూడా కనిపించదు. చీకటితో బయల్దేరొద్దు, వెలుగొచ్చాక ఆరున్నరకు మొదలుపెట్టండి. సర్వీస్ రోడ్డు ఉన్నచోట దాని మీదే. అందరికీ మెరిసే జాకెట్లు. హైవే మీది కనకదుర్గ వారధి మీద భారీ బళ్లు ఎక్కువ, తాడేపల్లి నుంచి సీతానగరం వైపు వచ్చి బ్యారేజీ మీదుగా దాటితే నయం, దాని మీద పెద్ద బళ్లను రానివ్వరు, కిలోమీటరుంపావు లోపే. ఒక రెండు మూడు కిలోమీటర్లు పెరగొచ్చు, పర్లేదు.

సూటిగా మాట్లాడతా

బాధ అర్థమైంది గానీ నాకొక సందేహం. నడిస్తే రక్తం రాదు కదా. ఎనిమిది గంటలు రోడ్డు మీద ఒళ్లు హూనం చేసుకునే బదులు అదే రోజు ఒక కాలేజీలో క్యాంప్ పెడితే నేరుగా పని అవుతుంది. ఈ మధ్య ప్రతిదానికీ నడకలు, ర్యాలీలు, బ్యానర్లు. మీరు అలాంటివారని అనను, కానీ శ్రమ వేరేచోట పెడితే మంచిదని నా అభిప్రాయం.

పాప వాళ్లమ్మ (పటమట)

చెల్లీ, నేను రెండు విధాలుగా దీనికి సంబంధించినదాన్ని. ఒక బ్లడ్ బ్యాంక్‌లో టెక్నీషియన్‌గా పని చేస్తున్నా, మా పాపకు తలసీమియా మేజర్, తొమ్మిదేళ్లు. అమ్మ నోట్‌బుక్ అన్నారు చూడండి, మా ఇంట్లోనూ ఉంది అలాంటిది. చదువుతూ కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

మీరు పట్టించుకోని విషయం ఒకటి ముందు చెప్తాను. మూడుసార్లూ మీకు హిమోగ్లోబిన్ చాలలేదన్నారు. మీకు తలసీమియా మైనర్ (అంటే జబ్బు లేకుండా ఆ లక్షణాన్ని మోయడం) ఉందేమో చూపించుకున్నారా? అమ్మానాన్న ఇద్దరికీ మైనర్ ఉంటేనే మేజర్ బిడ్డ పుడతాడు. అలాంటి ఇంట్లో మేజర్ లేని తోబుట్టువుకు మైనర్ ఉండే అవకాశం మూడింట రెండొంతులు. హెచ్‌పీఎల్‌సీ అని ఒక్క రక్త పరీక్ష, హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూస్తారు, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. మైనర్ అయితే అది జబ్బు కాదు, మామూలుగా బతుకుతారు, నడవొచ్చు కూడా, కాకపోతే రక్తం కొంచెం తక్కువగానే ఉంటుంది. అది తెలియక చాలామంది ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతారు, ఐరన్ నిజంగా తక్కువుందో లేదో చూడకుండా అవి వేసుకోకూడదు. నడక ప్రాక్టీస్ మొదలుపెట్టకముందే ఈ పరీక్ష చేయించుకుని డాక్టర్‌ని కలవండి. పెళ్లి సంగతి వచ్చినప్పుడు కూడా ఇది తెలిసి ఉండాలి, అవతలి వ్యక్తికీ చేయించాలి.

ఇక 518 మంది సంగతి. దయచేసి ఒకే రోజు 518 మందిని తీసుకురావద్దు. తీసిన రక్తం మామూలు సంచిలో 35 రోజులు, ఇంకో రకం ద్రావణం కలిపితే ఎర్ర రక్త కణాలు 42 రోజులు నిలవ ఉంటాయి, అంతే. అదీ మన పిల్లలకు రెండు వారాల లోపు తీసిన రక్తమైతేనే మంచిది. ఒక్కరోజే వందల యూనిట్లు వచ్చిపడితే అన్నీ గడువులోపు వాడలేం, గడువు దాటితే పారేయాలి. ఆ పని నా చేతులతో చేశాను, ఇచ్చినవాళ్ల మొహాలు గుర్తొస్తాయి. పైగా ఆ రోజు ఇచ్చిన మగవాళ్లు మళ్లీ మూడు నెలల దాకా, ఆడవాళ్లు నాలుగు నెలల దాకా ఇవ్వలేరు. ఈలోగా కొరత వస్తే అడగడానికి మనిషి ఉండడు.

మాకు కావాల్సింది వరస. లెక్క చూడండి, పెద్ద పిల్లలకు మూడు వారాలకు రెండు యూనిట్లంటే ఏడాదికి దాదాపు 35. మగ దాత ఏడాదికి నాలుగుసార్లు ఇవ్వగలడు. అంటే ఒక్క బిడ్డకు తొమ్మిది మంది మాట మీద నిలబడేవాళ్లు దొరికితే ఆ ఇంట్లోవాళ్లు ఏడాదంతా ఫోన్లు పట్టుకుని తిరగక్కర్లేదు. అదే గ్రూప్ వాళ్లు ఉంటే సరే, లేకపోయినా బ్యాంకులో నిల్వ తగ్గకుండా ఉంటుంది. మీ 518 ఒక ఏడాదికి సర్దండి, వారానికి పది మంది. మే, జూన్‌కు మాత్రం ఎక్కువ పెట్టండి, ఎందుకంటే మాకు సగం క్యాంపులు కాలేజీల్లోనే, పరీక్షలయ్యి సెలవులిస్తే బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్ వెలవెలబోతుంది. ఈ-రక్తకోశ్ అనే ప్రభుత్వ సైట్‌లో ఏ బ్యాంకులో ఏ గ్రూప్ ఎంతుందో చూడొచ్చు.

పైన "నడిస్తే రక్తం రాదు" అన్నవారికి: వస్తుందండీ. రక్తం ఇవ్వండి అని ఊరికే అడిగితే చూద్దాంలే అంటారు. ఒకమ్మాయి తమ్ముడి కోసం తొమ్మిది నెలలు కష్టపడి తయారవుతోంది అంటే ఆ తొమ్మిది నెలలూ అడగడానికి ఒక కారణం ఉంటుంది. మా పాప పేరు చెప్పి నేను అడిగీ అడిగీ అలిసిపోయాను, ఎంతమందిని, ఎన్నిసార్లు.

మీతో నడిచేవాళ్లు నడకకు ముందు రెండు మూడు వారాల్లో రక్తం ఇవ్వకుండా చూసుకోండి, ఇచ్చాక ఎర్ర కణాలు మళ్లీ నిండటానికి వారాలు పడుతుంది. నడక అయ్యాక నిదానంగా ఇవ్వొచ్చు.

యార్డు లెక్కలు (గుంటూరు)

పరీక్ష మాట నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. అమ్మానాన్నలకు చేశారని గుర్తు, నాకు చేసినట్టు అమ్మకు గుర్తులేదు. ఈ వారమే వెళ్తాను అక్కా.

సూటిగా రాసినవారికి, మీరన్నది తప్పు కాదు, క్యాంప్ కూడా పెడతాను. కానీ ఆ దారిలో నేను నడవాలి. వాడు పోయాక ఒక్కసారే బెజవాడ బస్సు ఎక్కాను, కాజ టోల్ గేట్ దగ్గర దిగి వెనక్కి వచ్చేశాను. పక్క సీటులో ఎవరో కూర్చుంటే తట్టుకోలేకపోయా. ఇంతకన్నా వివరంగా చెప్పడం నాకు రాదు.

ఆడిట్ బాబాయ్ (బ్రాడీపేట)

డబ్బు విషయం నేను చెప్తానమ్మా. మీ సొంత ఫోన్‌పేకి వద్దు. మీ మీద అనుమానంతో కాదు. ఒక ఆర్థిక సంవత్సరంలో బంధువులు కానివాళ్ల నుంచి మీ ఖాతాలోకి వచ్చిన డబ్బు మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం మాత్రమే కాదు, అంతా మీ ఆదాయం కింద లెక్కేస్తారు. లక్ష పోగు చేసి లక్షా పిల్లలకే ఇచ్చినా కాగితం మీద అది మీ ఆదాయమే. సంజాయిషీ చెప్పుకోవడానికి ఏడాదిన్నర తర్వాత నాలాంటివాడి దగ్గరకు రావాలి.

12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టునో సొసైటీనో పట్టుకోండి, తలసీమియా పిల్లల కోసమే పనిచేసేదైతే మరీ మంచిది. వాళ్ల ఖాతా క్యూఆర్ కోడే మీరు అందరికీ పంపండి, డబ్బు మీ చేతిలోకి రానే వద్దు. ముందుగా ఒక కాగితం రాయించుకోండి, ఈ నడక పేరుతో వచ్చిన డబ్బు ఫిల్టర్లకు, మాత్రలకు, పరీక్షలకు మాత్రమే వాడతాం అని. అయిపోయాక బిల్లుల ఫొటోలు పెట్టండి. మన ఊళ్లో పది రూపాయలు ఇచ్చినవాడు కూడా లెక్క అడుగుతాడు, అడగాలి కూడా. పన్ను మినహాయింపు కోసం ఇచ్చేవాళ్లుంటే 2,000 దాటిన నగదుకు అది వర్తించదని, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఉపయోగమని ముందే చెప్పేయండి.

అమెరికా వాళ్ల సంగతి మర్చిపోవద్దు, మన రెండు జిల్లాల్లో ఏ ఇంట్లో చూసినా ఒకరుంటారు. అక్కడున్నా ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ డబ్బు మామూలుగా బ్యాంకు ద్వారా ఇవ్వొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మాత్రం, మన పిన్ని కొడుకే అయినా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతే. వాళ్ల దగ్గర తీసుకోవాలంటే ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే ప్రేమగా పంపినా తీసుకోవద్దు, రేపు ఆ సంస్థకే చిక్కు.

పోలీస్ సంగతి కూడా చూసుకోండి. నలుగురైదుగురు నడిస్తే పెద్ద విషయం కాదు, యాభై మంది బ్యానర్ పట్టుకుంటే ఊరేగింపు అవుతుంది. గుంటూరు, మంగళగిరి, తాడేపల్లి, విజయవాడ, దారిలో ఉన్న స్టేషన్లన్నిటికీ ముందే ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోండి.

రెండు చక్రాలు (మంగళగిరి)

అమ్మగారి మాట గురించి రాద్దామని వచ్చా. మా ఆవిడ పోయిన రెండో ఏడు నేను ఆమె పేరు మీద సైకిల్ మీద 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు పెట్టిన దూరప్రయాణం) చేశా, పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి దాన్ని. క్యాన్సర్ పేషెంట్లకు ప్రయాణ ఖర్చుల కోసం. మా మామగారు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు, కూతురి పేరు బజారున పెట్టానని. నేను చేసిన తప్పేంటంటే ఆయనకు చెప్పలేదు, ఫ్లెక్సీ మీద ఫొటో చూసి తెలుసుకున్నాడు. మీరు అలా చేయొద్దు. ఫొటో వేయాలా, పేరు రాయాలా, ఆ రెండూ అమ్మగారికే వదిలేయండి. వద్దంటే వద్దు, ఒక తమ్ముడి కోసం అంటే సరిపోతుంది.

అడుక్కోవడం అన్నారు కదా. కెనడాలో టెర్రీ ఫాక్స్ అని ఒక కుర్రాడు, ఎముక క్యాన్సర్‌తో కుడి కాలు తీసేశారు. 1980లో కృత్రిమ కాలుతో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు మొదలుపెట్టాడు, రోజుకు దాదాపు ఒక మారథాన్ చొప్పున 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. ఊపిరితిత్తులకు పాకడంతో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, మరుసటేడు జూన్‌లో పోయాడు, 22 ఏళ్లు. అతను అడిగింది మనిషికి ఒక్క డాలరు. బతికుండగానే ఆ లెక్క దాటింది. గొప్పవాళ్ల దగ్గర చెయ్యి చాపలేదు, ప్రతి ఒక్కర్నీ కొంచెం అడిగాడు. మీరు అడుగుతున్నదీ అదే, ఒక మనిషి, ఒక యూనిట్. అమ్మగారికి ఇలా చెప్పి చూడండి, డబ్బు విషయం ముందు ఎత్తకండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. అంతా అయ్యాక మర్నాడు చాలా ఘోరంగా ఉంటుంది. నెలల తరబడి పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉంటుంది, అది ఒక్కసారిగా పోతుంది, మనిషి మళ్లీ పోయినట్టు ఉంటుంది. నేను మూడు రోజులు తలుపు తీయలేదు. ఆ మర్నాడు ఒంటరిగా ఉండకుండా చూసుకోండి, నడక తర్వాత చేయాల్సిన పని ఏదైనా ముందే పెట్టుకోండి. మంగళగిరిలో మా ఇల్లు హైవేకి దగ్గరే, ఆ రోజు మజ్జిగ, భోజనం, మంచం, అన్నీ నా వంతు.

యార్డు లెక్కలు (గుంటూరు), ఆరు వారాల తర్వాత

అందరికీ జవాబు ఇవ్వడం ఆలస్యమైంది, సీజన్ మధ్యలో యార్డులో తల ఎత్తే తీరిక లేదు.

పరీక్ష చేయించుకున్నా. పాప వాళ్లమ్మ గారు చెప్పిందే నిజం, నాకు మైనర్. హిమోగ్లోబిన్ 10.8. ఐరన్ తక్కువేం లేదట, ఐరన్ మాత్రలు వద్దన్నారు, ఫోలిక్ యాసిడ్ రాశారు. మెల్లగా పెంచుకుంటూ నడవొచ్చు, ఆయాసం వస్తే ఆగమన్నారు. రిపోర్టు పట్టుకుని బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నా. ఇన్నేళ్లూ ఇంకొంచెం బాగా తిని ఉంటే, ఇంకోసారి వెళ్లి ఉంటే ఇవ్వగలిగేదాన్ని కదా అనుకునేదాన్ని. ఎన్నిసార్లు వెళ్లినా ఇవ్వలేకపోయేదాన్నే అని ఇప్పుడు తెలిసింది.

మే నడక మానేశా. డిసెంబరు రెండో ఆదివారం, ఉదయం ఆరున్నర, గుంటూరు బస్టాండ్. బ్యారేజీ మీదుగానే దాటుతాను. పోయిన ఆదివారం 11 కిలోమీటర్లు నడిచా, పెదకాకాని దాకా వెళ్లి కాసేపు గుళ్లో కూర్చుని, కొంత వెనక్కి నడిచి ఆటో ఎక్కేశా.

అమ్మకు డబ్బు మాట ఎత్తలేదు. వారానికి పది మంది, ఒక్కొక్కరు ఒక్క యూనిట్ అని మాత్రం చెప్పా. ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే చూస్తే నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఉంది. వెనక పేజీల్లో పాత దాతల నంబర్లు కొన్ని రాసుకుందట, నాకు తెలియదు. ఒక్కొక్కరికే ఫోన్ చేస్తోంది. సగం నంబర్లు పనిచేయట్లేదు. ఒకాయన గుర్తుపట్టి, బాబు ఎలా ఉన్నాడమ్మా అని అడిగాడు. అమ్మ చెప్పింది. ఆయన ఆదివారం నాడు వెళ్లి ఇచ్చొచ్చి, సాయంత్రం ఫోన్ చేశాడు. అమ్మ నోట్‌బుక్ తీసి, నేను 518 అని కూడి గీత గీసిన చోట, దాని కింద తేదీ వేసి 519 అని రాసింది. ఇప్పటికి 541 దాకా వచ్చింది. ఫొటో వద్దంది, పేరు మాత్రం రాయమంది, మొత్తం పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు.

డబ్బు కోసం ఒక సొసైటీ వాళ్లతో మాట్లాడుతున్నా, బాబాయ్ గారు చెప్పిన కాగితం వాళ్లు రాసిస్తామన్నారు.

తెల్లారి పరుగు తమ్ముడూ, ఒక్క సందేహం. పది దాటాక ఎడమ కాలి చిటికెన వేలి పక్కన బొబ్బ వస్తోంది, షూ మీరు చెప్పినట్టు సాయంత్రం పూటే కొన్నా. సాక్సుల వల్లా, లేక లేసు మరీ బిగించి కడుతున్నానా?

తెల్లారి పరుగు (విజయవాడ)

ఒక్క కాలికే వస్తోందంటే లేసు చూడండి అక్కా, ఎడమ షూ ముందు రెండు రంధ్రాల దగ్గర వదులు చేసి, చీలమండ దగ్గర మాత్రం బిగించండి. నడవబోయే ముందు అక్కడ వాజలీన్ రాయండి. ఇప్పుడున్న బొబ్బను గిల్లొద్దు. వచ్చే ఆదివారం నేను గుంటూరు వస్తా, కలిసి 12 చేద్దాం. శనివారం ఇక్కడ రక్తం ఇద్దామనుకున్నా గానీ, మర్నాడే నడక కదా, సోమవారం ఇస్తా. అమ్మగారిని నంబరు వేసి ఉంచమనండి.